గాజుతీగ గుమ్మం దాకా వచ్చాక

వీధి చివరి స్తంభం మీద నల్లటి కేబుల్ చుట్ట వేలాడుతూ ఉంటుంది. కేబుల్ ఆపరేటర్ గేటు దగ్గర నిలబడి, "సార్, మీ వీధిలో అందరూ ఫైబర్‌కి మారిపోయారు, మీరొక్కరే మిగిలారు" అంటాడు. ఇంటర్ చదివే అమ్మాయి లోపల్నుంచే "పెట్టించెయ్ నాన్నా" అని కేకేస్తుంది. "ఉన్నది బాగానే పనిచేస్తోంది కదమ్మా" అంటాడు తండ్రి. తెనాలిలో, కరీంనగర్‌లో, కర్నూలులో, హైదరాబాద్ శివారు కాలనీల్లో ఈ మాటలు ఇప్పుడు రోజూ వినిపిస్తున్నాయి. నెలకు నాలుగైదు వందల రూపాయల సంగతి కాబట్టి దీన్ని ఎవరూ పెద్ద నిర్ణయంగా లెక్కపెట్టరు. కానీ ఆ ఇంట్లో ఎవరి పనికి ఎంత విలువ ఇస్తున్నారన్నది ఈ చిన్న చర్చలోనే బయటపడుతుంది. అందుకే దీని గురించి కాస్త నింపాదిగా మాట్లాడుకోవాలి.

తండ్రి మాటను కొట్టిపారేయడానికి లేదు. ఆయన తరం చాలా తక్కువలో సరిపెట్టుకుంది. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. మోడెమ్ కూతలు పూర్తయ్యేదాకా కాచుకుని, తెర మీద ఒక్కో బొమ్మ పైనుంచి కిందికి గీతలు గీతలుగా దిగుతుంటే చూసిన రోజులవి. ఇంట్లో ఎవరైనా నెట్‌లో ఉంటే బయటివాళ్లకు ఫోను ఎంగేజ్ వచ్చేది. 2004 నాటి జాతీయ విధానం 256 కేబీపీఎస్ వస్తే అది బ్రాడ్‌బ్యాండేనని ఒప్పుకుంది. మరుసటి ఏడాది బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ ఊళ్లకు వచ్చినప్పుడు, ఫోను పెట్టెయ్యకుండానే నెట్ చూడొచ్చన్నదే పెద్ద సంబరం. ఆ కనీస వేగాన్ని 2013లో 512కి, 2023లో 2 ఎంబీపీఎస్‌కి పెంచారు. ప్రభుత్వ లెక్కలో ఇరవై ఏళ్లలో ఎనిమిది రెట్ల పెరుగుదల ఇది. ఇళ్లలో అవసరం పెరిగిన తీరుకు ఈ లెక్క ఎప్పుడూ వెనకే ఉంది.

ఇంతకాలం ఈ భారమంతా మోసిన రాగి తీగకు ఒక నమస్కారం పెట్టాల్సిందే. దాన్ని వేసింది మనిషి గొంతు మోయడానికి. మాటకు నాలుగు కిలోహెర్ట్‌జ్‌ల జాగా సరిపోతుందని లెక్కేసి వేసిన తీగ అది. ఆ పైన ఖాళీగా ఉన్న పౌనఃపున్యాల్లోకి ఇంజినీర్లు ఇంటర్నెట్‌ను ఎక్కించారు. మాటా నెట్టూ ఒకదాని మీద ఒకటి పడకుండా గోడ దగ్గర ఒక చిన్న తెల్ల డబ్బా పెట్టారు. దాన్ని స్ప్లిట్టర్ అనేవాళ్లం. ఎక్స్ఛేంజి పక్కనున్న ఇంటికి వేగం బాగానే వచ్చేది. మూడు నాలుగు కిలోమీటర్లు దాటిన ఇంటికి అదే ప్లాను, అదే బిల్లు, కానీ వేగంలో సగం కూడా అందేది కాదు. వానకు జాయింటు తడిస్తే ఫోనులో గరగర, నెట్ మాయం. ఇవి ఎవరి నిర్లక్ష్యం వల్లా వచ్చినవి కావు. రాగిలో నడిచే సంకేతం దూరం పెరిగేకొద్దీ నీరసించిపోతుంది, అంతే.

గాజుకు ఆ బాధ చాలా తక్కువ. వెలుగును సన్నటి గాజు పోగులో వంపులు తిప్పి నడిపించవచ్చన్న శాస్త్రానికి ఫైబర్ ఆప్టిక్స్ అనే పేరును జనంలోకి తెచ్చినవాడు పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. అయితే వెలుగు గాజులో కొద్ది దూరానికే ఎందుకు చచ్చిపోతోందన్న చిక్కు చాలాకాలం విడలేదు. తప్పు గాజుది కాదు, అందులోని మలినాలది అని 1966లో చార్లెస్ కావ్ తేల్చారు. ఆ పనికి 2009లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇవాళ మన గుమ్మంలోకి వచ్చే పోగు మందం 125 మైక్రాన్లు. అందులో వెలుగు నిజంగా నడిచే నడిమి భాగం తొమ్మిది మైక్రాన్లే. ఆ వెలుగు కంటికి కనబడనిది కాబట్టి, తెగిన కొసను పిల్లలు కంటి దగ్గర పెట్టుకుని చూడకుండా జాగ్రత్తపడాలి. బిగించడానికి వచ్చిన కుర్రాడు ఈ మాట చెప్పడు. ఇంట్లో పెద్దవాళ్లే చెప్పాలి.

ఇంతకీ మన ఇంటికి ఎంత వేగం కావాలి? ప్రకటనల్లో 100, 300, వెయ్యి అని కనిపిస్తాయి. హైదరాబాద్‌లో 2017 నాటికే ఒక సంస్థ సెకనుకు ఒక గిగాబిట్ వేగంతో కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కానీ ఒక సినిమాను హెచ్‌డీలో ఆగకుండా చూడటానికి 5 ఎంబీపీఎస్ చాలు. పెద్ద టీవీలో 4కె బొమ్మకు 15 చాలు. తాతగారు టీవీలో భక్తి ఛానల్ చూస్తూ, అమ్మ ఫోనులో వంటల వీడియో చూస్తూ, ఇద్దరు పిల్లలు చెరో క్లాసులో కూర్చున్నా, 40 ఎంబీపీఎస్ నిజంగా అందితే ఎవరూ ఎవరినీ కసురుకోవాల్సిన పని ఉండదు. ఇక్కడ "నిజంగా" అన్నదే ముఖ్యం. వీధిలో 32 ఇళ్లో 64 ఇళ్లో కలిసి ఒకే గాజు పోగును పంచుకుంటాయి. రాత్రి తొమ్మిదికి అందరూ ఒకేసారి కూర్చుంటే ప్లానులోని అంకె అందరికీ అందుతుందా లేదా అన్నది ఆ ఆపరేటర్ వెనకాల ఎంత సామర్థ్యం కొని పెట్టుకున్నాడన్న దాన్నిబట్టి ఉంటుంది. కాబట్టి కంపెనీ పేరు చూసి మోసపోకుండా, పక్కింటివాళ్లను రాత్రి తొమ్మిదికి ఎలా వస్తోందని అడగడం మేలు.

ఇంకో సంగతి. చాలా ఇళ్లలో తప్పు తీగది కానే కాదు. రౌటర్‌ను టీవీ వెనక, ఇనప బీరువా పక్కన, లేదంటే గుమ్మం పైన అటక మీద పెట్టేస్తారు. మధ్యలో తొమ్మిదంగుళాల గోడలు రెండు అడ్డం. వెనక గదిలో కూర్చున్న అమ్మాయికి సిగ్నల్ ఒక గీతే వస్తుంది. అప్పుడు తిట్లు తినేది కంపెనీ. ఫైబర్ వేయించుకున్నా ఆ రౌటర్ అక్కడే ఉంటే ఆ గదిలో ఆ ఒక్క గీతే మిగులుతుంది. కనెక్షన్ మార్చేముందు ల్యాప్‌టాప్‌ను వైరుతో నేరుగా మోడెమ్‌కు తగిలించి వేగం చూడాలి. వైరులో బాగా వచ్చి గాలిలో రాకపోతే లోపం ఇంట్లోనే ఉంది. రౌటర్‌ను నట్టింట్లో కాస్త ఎత్తులో పెడితే, కొన్ని ఇళ్లలో ఫైబర్ అవసరమే వాయిదా పడుతుంది. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఎవరూ కొత్త ప్లాను మీద సంతకం పెట్టకూడదు.

ఇంతవరకూ మాట్లాడింది బయటినుంచి ఇంట్లోకి వచ్చేదాని గురించి. ఫైబర్ విషయంలో అసలు తూచవలసింది ఇంట్లోనుంచి బయటికి వెళ్లేదాన్ని. రాగి తీగ మీద నెట్‌ను రూపొందించినప్పుడే ఒక ఊహ చేశారు: ఇళ్లల్లో వాళ్లు తీసుకునేవాళ్లే గానీ పంపేవాళ్లు కాదు అని. అందుకే లోపలికి వచ్చే దారిని వెడల్పుగా, బయటికి వెళ్లే దారిని ఇరుగ్గా పెట్టారు. లోపలికి ఎనిమిదో పదో ఎంబీపీఎస్ వచ్చే ఇంట్లో బయటికి ఒకటి వెళ్తే గొప్ప. ఆ రోజుల్లో ఆ ఊహ తప్పు కాదు. మెయిల్ చూసుకోవడం, రైలు టికెట్ కొనుక్కోవడం, పరీక్ష ఫలితాలు చూడటం వరకే ఇల్లు అడిగేది.

ఇప్పుడు ఇల్లు అంతటితో ఆగడం లేదు. పెళ్లి ఫొటోలు తీసే చిన్న ఊరి కుర్రాడినే తీసుకోండి. ఒక పెళ్లి వీడియో అయిదు జీబీ అనుకుంటే, సెకనుకు ఒక మెగాబిట్ వెళ్లే పాత లైనులో అది ఆల్బమ్ డిజైన్ చేసే ల్యాబుకు చేరడానికి పదకొండు గంటలు పడుతుంది. అదీ మధ్యలో లైను తెగకపోతే. అందుకే హార్డ్ డిస్కు జేబులో పెట్టుకుని విజయవాడ బస్సెక్కేవాడు. బయటికి 50 ఎంబీపీఎస్ వెళ్లే ఫైబర్ మీద ఆ పని పదమూడు పద్నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. బస్సు చార్జీ, పూట కూలి, ఆ పూటకు మూసిన షాపు కలిపి చూస్తే నెల బిల్లు ఒక్క పెళ్లిలో వచ్చేస్తుంది. మగ్గం వర్కు చేసే అమ్మాయి జాకెట్టు మీద పూసలు ఎలా కుట్టిందో వీడియో పెట్టి ఆర్డర్లు తెచ్చుకుంటోంది. పట్నంలో హాస్టల్లో ఉండటానికి ఇంట్లో ఒప్పుకోని మరో అమ్మాయి, సొంత ఊళ్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగం చేస్తానంటోంది. మీటింగులో ఆమె మొహం గడ్డకట్టుకుపోయి, గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తే, ఆమె తెలివిని ఎవరూ చూడరు. "మీ లైను సరిగా లేదండీ" అన్న మాట రెండుసార్లు వినిపిస్తే మూడోసారి ఆ పని ఇంకొకరికి పోతుంది. అలాంటి ఇంట్లో ఫైబర్ వద్దనడం పొదుపు కాదు.

వీళ్లందరిలో సంగీతం టీచర్ల సంగతి మరీ ముచ్చటైనది. రాజమహేంద్రవరంలో, విజయవాడలో, హైదరాబాద్‌లో తెల్లవారుజామునే శ్రుతిపెట్టె పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చునే అమ్మలు ఎందరో ఉన్నారు. అవతల డాలస్‌లోనో న్యూజెర్సీలోనో సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లలు సరళీ స్వరాలు, గీతాలు, అన్నమయ్య కీర్తనలు నేర్చుకుంటారు. తెలుగు సరిగా మాట్లాడలేని ఆ పిల్లల నాలుకకు తెలుగు అలవాటు చేస్తున్నది ఈ పాఠాలే. టీచరమ్మ గొంతులోని గమకం అవతలికి చెక్కుచెదరకుండా చేరాలంటే ఆమె ఇంటినుంచి బయటికి వెళ్లే దారి స్థిరంగా ఉండాలి. పాత లైనులో గమకం దగ్గరే మాట తెగేది. పిల్ల ఆ తెగిన ముక్కనే నేర్చుకునేది. ఫైబర్ ఈ లోటును చాలావరకు తీర్చింది.

తీర్చలేనిది ఒకటి ఉంది. గాజులో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కడినుంచి న్యూజెర్సీ దాదాపు పదమూడు వేల కిలోమీటర్లు. తీగ తిన్నగా వేసి ఉన్నా సరే, పోయి రావడానికి సెకనులో ఎనిమిదో వంతు కావాలి. సముద్రాల కింద చుట్టూ తిరిగి వెళ్లే దారిలో, మధ్య యంత్రాల ఆలస్యం కూడా కలుపుకుంటే పావు సెకనుకు తగ్గదు. తాళంలో ఒక్కో అక్షరం అర సెకనుకు పడుతోందనుకుంటే, అవతలి పిల్ల చప్పట్లు ఇవతలికి సగం అక్షరం ఆలస్యంగా వినిపిస్తాయి. గురువూ శిష్యురాలూ కలిసి పాడటం కుదరదు. నెలకు ఎన్ని వేలు కట్టినా కుదరదు. అందుకని టీచరమ్మ ముందు పాడుతుంది, ఆగుతుంది, పిల్ల పాడుతుంది. మన గురువులు ఎప్పటినుంచో చెబుతున్న పద్ధతే ఇది కాబట్టి, పాఠం ఆగిపోలేదు. వేగం ప్లానులో అంకె ఎంత పెద్దదైనా దూరం దూరమేనని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఈ ఆలస్యం తగ్గుతుందని 100 నుంచి 300కి మారేవాళ్లు డబ్బు వృథా చేసుకుంటున్నారు.

పల్లెల్లో ఈ కథ వేరేలా నడిచింది. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి అనే ఊరు రాష్ట్రంలో ఇంటింటికీ ఫైబర్ అందిన మొదటి గ్రామంగా పేరు తెచ్చుకుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరెంటు స్తంభాల మీదుగానే తీగలు లాగి, 149 రూపాయలకు నెట్, టీవీ ఛానళ్లు, ఫోను మూడూ కలిపి ఇస్తానని ముందుకొచ్చింది. 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ పథకాన్ని ప్రారంభించారు. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ కూడా వేశారు. ఒకసారి తవ్వినప్పుడే రెండు పనులూ చేసుకోవడం మంచి ఆలోచన. పథకాల నడక అనుకున్నంత సాఫీగా సాగలేదన్నది నిజమే. కానీ 2020లో బడులు మూతపడి, పిల్లలు మేడల మీదా చెట్ల కిందా సిగ్నల్ కోసం తిరిగినప్పుడు, ఊళ్లోకి ఒక తీగ రావడం ఎంత అవసరమో అందరికీ అర్థమైంది. పట్నంలో రెండో కనెక్షన్ సౌకర్యం కావచ్చు. పల్లెలో మొదటి కనెక్షన్ చదువుకు సంబంధించింది. ఈ తేడాను ప్రభుత్వాలు మరిచిపోకూడదు.

స్తంభాల మీద తీగలన్న మాట వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని రామంతాపూర్‌ను తలుచుకోకుండా ఉండలేం. 2025 ఆగస్టులో అక్కడి కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి విద్యుత్తు ప్రవహించి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది హైదరాబాద్‌లో స్తంభాల మీది ఇంటర్నెట్, టీవీ కేబుళ్లను పెద్ద ఎత్తున కత్తిరించారు. ఎన్నో ఇళ్లలో నెట్ ఆగిపోయింది, జనం కోప్పడ్డారు. గాజులో కరెంటు ప్రవహించదు. కానీ ఆ గాజును మోయడానికి దానితో పాటు లాగే ఇనప తీగ వెంట కరెంటు రావచ్చు. మన గదిలోకి వేగం తెచ్చే తీగ వీధిలో ఎవరి తల మీద వేలాడుతోందో కూడా మన నిర్ణయంలో భాగమే. పనిచేయని తీగలను తీసేయకుండా వాటి మీదే కొత్తవి కట్టుకుంటూ పోయే ఆపరేటర్‌ను, పాతది తీసేస్తేనే కొత్తది పెట్టించుకుంటామని కాలనీవాళ్లు కలిసి అడగాలి. భూమిలో గొట్టాలు వేయడం కార్పొరేషన్లు చేయవలసిన పని. దాన్ని ఇంకా వాయిదా వేస్తే ఇంకో ఊరేగింపులో ఇంకో ఇంటి దీపం ఆరిపోతుంది.

పెద్దవాళ్లు ఇద్దరే ఉండే ఇళ్ల గురించి ఒక మాట. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. హాల్లో పాత ల్యాండ్‌లైన్ ఉంటుంది. దాని నంబరు ముప్పై ఏళ్లుగా బంధువులందరికీ కంఠస్థం. ఆ రాగి తీగ ఫోనుకు కావలసిన విద్యుత్తును ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచే, 48 వోల్టులు, తనతో మోసుకొచ్చేది. ఊరంతా కరెంటు పోయినా ఆ ఫోను మోగేది. గాజు అలా విద్యుత్తు మోయలేదు. ఫైబర్ మీద అదే నంబరు ఉంచుకునే వీలున్నా, ఇంట్లో కరెంటు పోతే ఫోనూ పోతుంది. రాత్రిపూట గుండె దడ వచ్చిన మనిషికి ఇది చిన్న విషయం కాదు. వాళ్ల ఇంటికి ఫైబర్ పెట్టించే పిల్లలు, ముందు రౌటర్‌కు ఒక చిన్న యూపీఎస్ కొనిపెట్టాలి, లేదా దాన్ని ఇన్వర్టర్ లైనుకు కలిపించాలి. వేగం గురించి ఆ దంపతులు ఎప్పుడూ అడగరు. వాళ్లకు కావలసింది మనవడి మొహం ఆగకుండా కనిపించడం, ఫోను ఎప్పుడూ మోగడం. తక్కువ ప్లాను చాలు. తొందర కూడా లేదు. అయితే రాగి తీగలు బాగుచేసే లైన్‌మన్‌లు ఊళ్లలో తగ్గిపోతున్నారు. పాత లైను తరచూ చచ్చిపోతుంటే మాత్రం ఇంకా పట్టుకుని వేలాడటంలో అర్థం లేదు.

ఇక డబ్బు. బోర్డు మీద 399 అని ఉంటే చేతికొచ్చే బిల్లు 471 ఉంటుంది. 18 శాతం జీఎస్టీ బోర్డు మీద కనబడదు. ఆర్నెల్లు ముందే కడితే తగ్గింపు ఇస్తారు గానీ, మధ్యలో సర్వీసు నచ్చకపోతే ఆ డబ్బు వెనక్కి రావడం కష్టం. ఓటీటీలు ఉచితమన్న ప్లానులో వాటి ధర లోపలే కలిసి ఉంటుంది. అన్‌లిమిటెడ్ అన్నదానికి కూడా నెలకు ఇన్ని జీబీలన్న హద్దు ఉంటుంది, అది దాటితే వేగం పడిపోతుంది. మామూలు ఇల్లు ఆ హద్దు దాకా పోదు కాబట్టి దాని గురించి కంగారు అక్కర్లేదు. ఆఫర్ అయిపోయాక ధర ఎంతవుతుందన్నదే గట్టిగా అడగాలి. బయటికి వెళ్లే వేగం ఎంత అని కూడా అడగాలి. "అది కూడా అంతే సార్" అన్న నోటిమాట సరిపోదు, కాగితం మీదో మెసేజ్‌లోనో రాసి ఇమ్మనాలి. ఈ అంకెను లోపలికి వచ్చే వేగంతో సమానమైన అక్షరాల్లో, తెలుగులో, ప్రతి బిల్లు మీదా వేయాలని నియంత్రణ సంస్థ ఆదేశిస్తే ఎందరికో మేలు జరుగుతుంది.

ఇంట్లో ఎవరైనా ఇంటినుంచే చదువు చెబుతుంటే, పని చేస్తుంటే, అమ్ముకుంటుంటే, ఫైబర్ ఈ నెలలోనే పెట్టించండి. కాకపోతే పాత కనెక్షన్‌ను వెంటనే తీసేయించకుండా ఒక నెల రెండూ ఉంచుకోండి. ఆ ఒక్క నెల అదనపు ఖర్చును కొత్తదాన్ని పరీక్షించే రుసుముగా అనుకోవచ్చు. రాత్రి ఎనిమిది, పదకొండు గంటల మధ్య, వాన పడుతున్నప్పుడు, కరెంటు పోయి వచ్చినప్పుడు కొత్త తీగ ఎలా ఉందో చూడండి. లైను తెగి రౌటర్ మీద ఎర్ర లైటు వెలిగితే ఆపరేటర్ ఎన్ని గంటల్లో వచ్చాడో గుర్తుపెట్టుకోండి. నచ్చితే పాత మోడెమ్‌ను స్వయంగా ఆఫీసులో అప్పగించి, అప్పగించినట్టు రసీదు తీసుకుని, డిపాజిట్ ఎప్పుడు వెనక్కి వస్తుందో దాని మీదే రాయించుకోండి.